బాకీ కింద చేతికొచ్చిన బొమ్మ: అసలుదేనా, ఎంత చేస్తుంది?

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకుడు పంపిన పొడవాటి ఉత్తరం ఇది. చదువుకునే రోజుల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితుడికి రెండేళ్ళ కిందట ఆయన డబ్బు అప్పిచ్చారు. అడిగినప్పుడల్లా వాయిదాలే. చివరికి ఆ స్నేహితుడు డబ్బుకు బదులు ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో ఉన్నది ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: స్కైవర్డ్ స్వోర్డ్’ వీడియో గేమ్‌లోని కథానాయకుడు లింక్ బొమ్మ. ఫిగ్మా అనే, కీళ్ళు కదిలే జపాన్ బొమ్మల శ్రేణిలోది. “ఇది ఇప్పుడు దొరకదు. దీని ధర నీ బాకీ కంటే ఎక్కువే. ఇక చెల్లు” అన్నాడట. ఎవరో అమ్మకానికి పెట్టిన ధర స్క్రీన్‌షాట్ కూడా చూపించాడు. మన పాఠకుడు మొహమాటానికి తీసుకున్నారు.

వారం తర్వాత తెరిచి చూస్తే బొమ్మ చేతికి జిగురుగా అంటుకుంటోంది. మార్చి తగిలించుకునే విడి చేతుల్లో కత్తి పట్టుకునేది లేదు. పారదర్శకంగా ఉండాల్సిన స్టాండు పచ్చబడింది. ఎడమ మోకాలు కదలడం లేదు. ఇంట్లో తమ్ముడు బలవంతంగా వంచేసరికి కీలు దగ్గర తెల్లటి గీత పడింది. తెలిసినాయన ఒకరు ఫోటో చూసి, “జిగురుందంటే డూప్లికేటే” అని తేల్చేశారు. స్నేహితుడికి ఫోన్ చేస్తే, “సీలు తీయని పెట్టె ఇచ్చాను. నువ్వు తెరిచావు కాబట్టి సగం విలువ పోయింది” అన్నాడు. “మోకాలి సంగతి అతనికి ఇంకా చెప్పలేదు. బొమ్మ అసలుదేనా? ఎంత చేస్తుంది? బాకీ తీరినట్టా కాదా? గట్టిగా అడిగితే పదేళ్ళ స్నేహం చెడుతుందేమోనని భయంగా ఉంది” అని రాశారు.

సమాధానం:

మీరూ మీ స్నేహితుడూ ‘విలువ’ అనే ఒక్క మాట పట్టుకుని వాదించుకుంటున్నారు గానీ, ఆ మాటలో మూడు వేరు వేరు ప్రశ్నలున్నాయి. బొమ్మ అసలుదా కాదా అన్నది మొదటిది. ఏ స్థితిలో ఉంది అన్నది రెండోది. ఆ స్థితిలో ఉన్న బొమ్మ నిజంగా ఎంతకు అమ్ముడవుతోంది అన్నది మూడోది. వీటిని ఇదే వరుసలో తేల్చాలి. మొదటిదానికి ‘కాదు’ అని జవాబొస్తే మిగతా రెండింటి గురించి జుట్టు పీక్కోనక్కర్లేదు. బాకీ లెక్క ఈ మూడూ తేలాకే.

ముందు పెట్టె సంగతి చూద్దాం. ‘తెరిచావు కాబట్టి సగం పోయింది’ అన్నది అట్టకు ప్లాస్టిక్ బుడగ అతికించి అమ్మే బొమ్మల విషయంలో కొంత నిజం. అక్కడ బొమ్మ బయటికి రావాలంటే ప్యాకింగ్ చింపక తప్పదు. ఫిగ్మా పెట్టె అలాంటిది కాదు. మూత దగ్గరి టేపు కోసి, లోపలి ట్రేని బయటికి జరిపి, చూసుకుని, మళ్ళీ అలాగే సర్దేయొచ్చు. సీలుతో ఉన్నదానికి ఎంతో కొంత ఎక్కువ పలుకుతుంది, కాదనను. కానీ తెరిచి జాగ్రత్తగా పెట్టుకున్న పూర్తి సెట్టుకీ దానికీ ఉన్న తేడా కంటే, పూర్తి సెట్టుకీ ఒక చెయ్యి లేని సెట్టుకీ ఉన్న తేడా సాధారణంగా పెద్దది.

అసలు ఆ చెయ్యి ఏమైంది? సీలు తీయని పెట్టెలోంచి చెయ్యి ఎలా మాయమవుతుంది? ఆ పెట్టె మీకంటే ముందు ఎవరో తెరిచి ఉండాలి, లేదా అది సరిగ్గా తయారుకాని నకిలీ సరుకు అయ్యుండాలి. ఏది నిజమో ఆధారాలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి, పారేయకండి. మీరు కోసిన టేపు కింద అట్ట చూడండి. ఒకసారి పీకి మళ్ళీ అంటించిన టేపైతే కింద అట్ట పైపొర లేచిపోయి, టేపు జిగురు వైపు నూగులాంటి కాగితం పోగులు కనిపిస్తాయి. ట్రేలో ముఖాలకూ, పెయింట్ వేసిన భాగాలకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ కాగితాలు ఉన్నాయా? ఒకసారి తెరిచినవాళ్ళు వాటిని తిరిగి పెట్టడం అరుదు. చేతులుండే గుంటలు లెక్కపెట్టండి, పెట్టె వెనక ఫోటోల్లో ఉన్న భాగాలతో పోల్చండి. అన్నట్టు, ట్రే అడుగున, మూత మడతల్లో కూడా ఓసారి వేలు పెట్టి వెతకండి. గోరంత చెయ్యి, జారిపోతే కనపడదు.

ఇక జిగురు. మీకు తెలిసినాయన చెప్పింది తప్పు. జిగురుకీ నకిలీకీ సంబంధం లేదు, అసలు బొమ్మలకూ వస్తుంది. ఇలాంటి బొమ్మల్లో జుట్టు, టోపీ, బట్టల మడతలు లాంటి మెత్తటి భాగాలు పీవీసీతో చేస్తారు. పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్. దాన్ని మెత్తగా చేయడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ప్లాస్టిసైజర్ అంటారు. ఏళ్ళు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ అది నెమ్మదిగా పైకి ఊరుతుంది. మూసిన పెట్టెలో గాలి ఆడక ఒంటిమీదే పేరుకుంటుంది. అంటే సీలు తీయకుండా దాచిన బొమ్మకే ఈ బెడద ఎక్కువ.

కాబట్టి అసలుదా నకిలీదా అని చూడబోయే ముందు కడగండి. ఈ వరుస ముఖ్యం. నకిలీల్లో కనిపించే ఒక లక్షణం చర్మం నూనె రాసినట్టు మెరవడం. జిగురు పొర ఉన్నప్పుడు అసలుది కూడా అలాగే మెరుస్తుంది, మీరు పొరపడతారు. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు మూడు చుక్కలు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో ఒత్తిడి లేకుండా రుద్దండి. కళ్ళ మీద బ్రష్ వద్దు, వేలితో చాలు. మంచినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. కీళ్ళలో నీళ్ళు నిలుస్తాయి, వెంటనే పెట్టెలో పెట్టేయకండి. స్పిరిట్, అసిటోన్, థిన్నర్ జోలికి పోవద్దు. జిగురుతో పాటు పెయింటూ వస్తుంది. గరుకు స్పాంజి వాడితే మెరుపు లేకుండా ఉండాల్సిన చోట నున్నటి మచ్చలు పడతాయి. కొన్ని వారాలకు జిగురు మళ్ళీ వస్తే మళ్ళీ కడగడమే. గాలి తగిలేలా బయట ఉంచితే తగ్గుతూ వస్తుంది. ఇంకొక్క జాగ్రత్త: మెత్తటి భాగాల్ని స్టాండు లాంటి గట్టి ప్లాస్టిక్‌కి ఆనించి నెలల తరబడి వదిలేయకండి. ఊరిన ప్లాస్టిసైజర్ ఆ గట్టి ప్లాస్టిక్‌ని కరిగించి రెండింటినీ అతికించేయగలదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఈ లింక్ 2012లో వచ్చిన బొమ్మ. ఫిగ్మా వరుసలో 153వ నంబరు. ఎత్తు దాదాపు 14 సెంటీమీటర్లు. దీని వెనక ఉన్న కంపెనీలు మ్యాక్స్ ఫ్యాక్టరీ, గుడ్ స్మైల్ కంపెనీ. పెట్టె మీద ఆ నంబరు, ఆ రెండు పేర్లు, నింటెండో కాపీరైట్ పంక్తి ఉన్నాయా చూడండి. కంపెనీ పేరే లేకపోతే దాదాపు తేలిపోయినట్టే. ఉన్నాయనుకోండి, అంతటితో నమ్మేయకూడదు. నకిలీలవాళ్ళు పెట్టెని స్కాన్ చేసి అచ్చు వేస్తారు. అందుకే చిన్న అక్షరాల మీద పది రెట్ల భూతద్దం పెట్టండి. అసలు పెట్టెలో చిన్న అక్షరాల అంచులు కోసినట్టు ఉంటాయి. స్కాన్ చేసినవాటిలో అక్షరాలు ఉబ్బి, చుట్టూ రంగు చుక్కలు కమ్ముకుని ఉంటాయి.

తర్వాత ముఖం. పగటి వెలుతురులో, అదే భూతద్దంతో చూడండి. కంటి గీతలు ఒకే మందంలో, శుభ్రమైన అంచుతో ఉండాలి. నకిలీల్లో కంటిపాప ఒక పక్కకి జరిగి ఉంటుంది, లేదా కనుబొమ్మ అంచు రంగు అద్దుకున్నట్టు పాకుతుంది. ఈ బొమ్మకు రెండు ముఖాలు వస్తాయి, మామూలుది ఒకటి, అరుస్తున్నది ఒకటి. ముందరి జుట్టు తీసి ముఖం మార్చి చూడండి. అసలుదైతే రెండు ముఖాలూ ఒకే పట్టుతో కూర్చుంటాయి, జుట్టుకీ నుదుటికీ మధ్య సందు ఉండదు. నకిలీల్లో ఒకటి వదులు, ఒకటి బిగుతు, నొక్కి పెట్టినా జుట్టు లేచే ఉంటుంది. మెడ పక్కన, చేతుల లోపలి వైపు అచ్చు కలిసిన గీతలు ఎంత ఎత్తుగా ఉన్నాయో గోటితో తడమండి. చేతి రంగు ముఖం రంగుతో కలుస్తోందా? తయారీదారు అధికారిక ఫోటోలో బొమ్మ ఉన్న కోణంలోనే మీదీ నిలబెట్టి ఫోటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. భుజాల వెడల్పు, టోపీ వంపు, డాలు మీది పెయింట్ గీతలు అప్పుడు బాగా తెలుస్తాయి.

ఒక్క లోపంతో తీర్పు చెప్పకండి. అసలు బొమ్మలోనూ పెయింట్ కాస్త పక్కకు పోవచ్చు. మూడు నాలుగు లక్షణాలు కలిసొస్తే నకిలీ అనుకోవచ్చు. మీరు రాసినవాటిలో జిగురు, స్టాండు పచ్చబడటం రెండూ వయసు లక్షణాలే. మోకాలు బిగుసుకోవడం ఎటైనా కావచ్చు. అనుమానించదగ్గది ఆ లేని చెయ్యి ఒక్కటే. అంటే ఇంతవరకూ మీ దగ్గరున్న సాక్ష్యంతో ‘డూప్లికేట్’ అనడానికి లేదు.

మోకాలి దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇది ఇంకా పాడయ్యే అవకాశం ఉన్న ఒకే ఒక్క భాగం. ఆ తెల్లటి గీత పెయింట్ పోవడం వల్ల వచ్చింది కాదు. గట్టి ప్లాస్టిక్‌ని దాని శక్తికి మించి వంచితే లోపల కంటికి కనపడనంత సన్నటి చీలికలు పుట్టి, వాటి మీద పడ్డ వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. విరగడానికి ముందు మెట్టు అది. ఇంకొక్కసారి బలవంతం చేస్తే మోకాలు చేతిలోకొస్తుంది. తమ్ముడికి అందకుండా పెట్టండి.

అది కదలకపోవడానికి ఎక్కువగా కారణం, పెయింటు ఆరకముందే కీలులోకి దిగి అతుక్కుపోవడం, లేదా ఊరిన ప్లాస్టిసైజర్ అక్కడ జిగురుగా పేరుకుపోవడం. విడిపించాలంటే 50 నుంచి 60 డిగ్రీల వేడి నీళ్ళు తీసుకోండి. మరిగే నీళ్ళు వద్దు, మెత్తటి భాగాలు ఆకారం కోల్పోతాయి. మోకాలి వరకు అర నిమిషం ముంచి తీసి, కీలుకి వీలైనంత దగ్గరగా పైనా కిందా పట్టుకుని, అది వంగే దిశలోనే అటూ ఇటూ వెంట్రుకవాసి కదపండి. పాదం పట్టుకుని వంచారో, ఆ బలమంతా తెల్లగీత మీదే పడుతుంది. మెలితిప్పకండి. కదలకపోతే మళ్ళీ ముంచండి. నాలుగైదు సార్లకు కరకరమని చిన్న శబ్దంతో విడిపోవచ్చు. విడిపోయాక సిలికాన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు. తుప్పు వదిలించే స్ప్రేలు, కుట్టు మిషన్ నూనె లాంటి పెట్రోలియం సరుకులు గట్టి ప్లాస్టిక్‌ని పగలగొట్టగలవు, అసలే చీలికలున్న చోట మరీను. ఒకవేళ విరిగితే సూపర్‌గ్లూ పోయకండి. కీలు శాశ్వతంగా బిగుసుకుంటుంది, చుట్టూ తెల్లటి పొగమచ్చ కూడా పడుతుంది. రెండు ముక్కలకూ ఒక మిల్లీమీటరు రంధ్రం చేతి డ్రిల్‌తో వేసి, ఇత్తడి తీగ ముక్క గుచ్చి నిలబెట్టడం సరైన పద్ధతి. అయితే ఇదంతా బొమ్మ మీరే ఉంచుకునేట్లయితేనే. తిరిగి ఇచ్చేయడమో, అమ్మడమో చేసేట్లయితే మోకాలిని ముట్టుకోకండి. ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. బాగుచేయబోయి విరగ్గొడితే ఆ నష్టం పూర్తిగా మీదవుతుంది.

స్టాండు గురించి బెంగ వద్దు. ఫిగ్మా స్టాండు విడిగా సంపాదించడం కష్టం కాదు. చెయ్యి మాత్రం కష్టమే. విడిభాగాలు అమ్మేవాళ్ళ దగ్గర దొరికితే ఒకటి గమనించండి. లింక్ చాలా ఆటల్లో ఎడమచేతి వాటం. 2011లో వచ్చిన స్కైవర్డ్ స్వోర్డ్‌లో, రిమోట్ ఊపుతూ ఆడేవాళ్ళలో ఎక్కువమందికి వీలుగా ఉండాలని, కత్తి కుడిచేతికి మారింది. వేరే ఆట తాలూకు లింక్ చెయ్యి కొంటే అది ఎడమది కావచ్చు. కుడిదే అయినా చేతొడుగు, చర్మం రంగు కలవకపోవచ్చు.

ఇప్పుడు ధర. మీ స్నేహితుడు చూపించిన స్క్రీన్‌షాట్ ఎవరో అడుగుతున్న ధర. అడగడానికేముంది, ఎంతైనా అడగొచ్చు. అమ్ముడుపోయిన ధరలు చూడాలి. పాత అమ్మకాలు చూపించే వేలం సైట్లలో ‘అమ్ముడైనవి’ అని వడపోసి, గత మూడు నెలల్లో ఇదే నంబరు బొమ్మవి పది దాకా పోగుచేయండి. పేరుకు లింక్ అయినా వేరే ఆటవి, నకిలీ అని అర్థమవుతున్నవి తీసేయండి. మిగిలినవాటిని చిన్న నుంచి పెద్దకు వరుసగా రాసి మధ్యలోది తీసుకోండి. సగటు వద్దు, ఒక్క పిచ్చి ధర సగటుని ఎత్తేస్తుంది. పోల్చేటప్పుడు స్థితి కూడా కలవాలి. జపాన్ సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో బొమ్మకో గ్రేడు, పెట్టెకో గ్రేడు విడివిడిగా ఇవ్వడం చూస్తాం. మీరూ అలాగే రాసుకోండి: పెట్టె బాగుంది, తెరిచినది, బొమ్మ కడిగినది, చెయ్యి లేదు, మోకాలికి ఒత్తిడి గీత ఉంది. చెయ్యి లేనివి ఎంతకు పోయాయో రెండు మూడు దొరికినా చాలు. అవే మీకు అసలైన కొలబద్ద. అందులోంచి సైట్ కమిషను, ప్యాకింగు, పంపే ఖర్చు తీసేస్తే చేతికొచ్చే మొత్తం తెలుస్తుంది. ‘ఇప్పుడు దొరకదు’ అన్న మాటను కూడా పక్కన పెట్టండి. ఫిగ్మాల్లో గిరాకీ ఉన్నవాటిని మళ్ళీ తయారుచేసి విడుదల చేయడం మామూలే. అలా ప్రకటన రాగానే పాతవాటి ధర దిగుతుంది.

బాకీ దగ్గరికి వద్దాం. నకిలీ అని తేలితే అమ్మకం ధర లెక్కలోకే రాదు. బొమ్మ తిరిగి ఇచ్చేయండి, బాకీ అలాగే ఉంటుంది. అసలుదని చెప్పి ఇంకొకరికి అంటగట్టే ఆలోచన మాత్రం వద్దు. స్నేహితుణ్ణి అడిగేటప్పుడు ‘నన్ను మోసం చేశావా’ అని కాకుండా ‘నువ్వెక్కడ కొన్నావు’ అని మొదలుపెట్టండి. అతనూ మోసపోయి ఉండొచ్చు. అమ్మినవాళ్ళ వివరాలుంటే అతనికీ డబ్బు వెనక్కి అడిగే దారి దొరుకుతుంది.

అసలుదే అని తేలితే దారులు మూడు. పైన చెప్పిన మధ్య ధరకి బొమ్మను తీసుకుని, అంతవరకే బాకీలో కొట్టేసి, మిగతాదానికి తేదీతో సహా రాయించుకోవచ్చు. త్వరగా తేలిపోతుంది గానీ, అమ్మే శ్రమ, ధర పడిపోయే ప్రమాదం మీవవుతాయి. లేదా బొమ్మ అతనికే ఇచ్చి, అమ్మి డబ్బు ఇమ్మనవచ్చు. ధర గురించి అతని నమ్మకం నిజమో కాదో అతనికే తెలిసొస్తుంది, మీరు వాదించాల్సిన పని ఉండదు. కానీ రెండేళ్ళు వాయిదాలు వేసిన మనిషి కాబట్టి గడువు పెట్టకుండా ఇస్తే మళ్ళీ మొదటికే వస్తారు. మూడోది, మీకు ఆ ఆటంటే ఇష్టమై బొమ్మ ఉంచుకోవాలనిపిస్తే పూర్తి బాకీకి చెల్లు అనుకోవడం. అలా చేస్తే అది ధర కట్టి కాదు, స్నేహం చూసి వదులుకున్నట్టు మీకు మీరే స్పష్టంగా తెలుసుకుని చేయండి. లేకపోతే ఆ బొమ్మని చూసినప్పుడల్లా లోపల గుచ్చుతూనే ఉంటుంది. నన్నడిగితే గడువు పెట్టిన రెండో దారే మీ ఇద్దరికీ తేలిక.

నష్టం పంపకం విషయంలో నా లెక్క ఇది. జిగురు, పచ్చబడ్డ స్టాండు, లేని చెయ్యి, బిగుసుకున్న మోకాలు మీ చేతికి రాకముందువి. ట్రేలో ఆ చేతి గుంట ఖాళీగా ఉందన్న ఫోటో, టేపు ఫోటో దీనికి సాక్ష్యం. పెట్టె తెరవడం తప్పు కాదు. అసలుదో కాదో తెరవకుండా ఎవరూ చెప్పలేరు. కానీ మోకాలి మీది తెల్ల గీత మీ ఇంట్లో పడింది. దాని మేరకు తగ్గే విలువ మీరే భరించాలి. ఏ దారి పట్టినా ఇది అతనికి ముందే చెప్పాలి.

మెసేజ్ ఇలా రాయొచ్చు: “బొమ్మ కడిగి చూశాను. చెయ్యి ఒకటి లేదు, ట్రే ఫోటో పంపుతున్నాను. మోకాలు ముందే బిగుసుకుని ఉంది, మా తమ్ముడు వంచితే తెల్ల గీత పడింది, దాని నష్టం నాది. గత మూడు నెలల్లో ఇలాంటివి ఎంతకు అమ్ముడయ్యాయో లిస్టు కూడా పెడుతున్నాను. నువ్వు చెప్పిన ధర వస్తుందనుకుంటే నువ్వే అమ్ము, వచ్చే నెలాఖరు దాకా చూద్దాం. కాదంటే ఈ లిస్టులో మధ్య ధరకి నేను ఉంచుకుంటాను, మిగతాది నెలనెలా ఇద్దువుగాని.” ముందు ఫోటోలు తీయండి, ఆ తర్వాతే ఇది పంపండి.